పూజలో ఉన్న బ్యాండు

"సంతకం పెట్టను."

చంద్రిక కాగితాన్ని బల్ల మీద వెనక్కి తోసింది.

ప్రసన్నకుమార్ నవ్వాడు. కంపెనీ యజమానిగా అతనికో పద్ధతి ఉంది. ముందు నవ్వుతాడు. తర్వాత అరుస్తాడు.

"నువ్వు కొత్తగా చెప్పేదేం లేదు చంద్రికా. మన మిషన్ చెప్పిందే రాశాను. గోదాము తగలబడే ముందు రాజేందర్ బ్యాండు మెట్లెక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. చివర్లో పడిపోయింది. ఇందులో అబద్ధం ఉందా?"

"బ్యాండు ఎక్కింది సార్. రాజేందర్ ఎక్కాడని నేనెట్లా చెప్తాను?"

"బ్యాండు చేతికుంటుంది. చెయ్యి మనిషికుంటుంది. మధ్యలో నీకు డౌటెక్కడ?"

కిటికీ కింద అబిడ్స్ హోరెత్తుతోంది. బస్సు హారన్లు, ఆటోల అరుపులు. పోస్టాఫీసు వెనక సందులో, పాత భవనం పై అంతస్తులో వాళ్ల ఆఫీసు. వాళ్లు అమ్మేది చేతికి కట్టుకునే బ్యాండు. గడియారమంత ఉంటుంది కానీ టైం చూపించదు. లోపలి సెన్సర్ కదలికను, ఎత్తును కొలుస్తుంది. ఆ కదలికను బట్టి మనిషి నడుస్తున్నాడో, కూర్చున్నాడో, మెట్లెక్కుతున్నాడో, బరువెత్తుతున్నాడో కంప్యూటర్ చెప్పేస్తుంది.

దానికి ఆ విద్య నేర్పింది చంద్రికే. అందుకోసం ఈ భవనం మెట్లు తను ఎక్కింది, కింది టైలర్‌ను ఎక్కించింది, చివరికి ఇస్త్రీ బండి ఆయన్ను కూడా బతిమాలి ఎక్కించింది. అందుకే పోలీసులు ఆమె సంతకమే అడిగారు.

మొదటి కస్టమర్ ఉస్మాన్‌గంజ్ ప్రహ్లాద్ సేటు. యాలకుల హోల్‌సేల్ వ్యాపారి. గోదాములో హమాలీలందరి చేతికీ బ్యాండ్లు కట్టించాడు. ఎవడు మోస్తున్నాడు, ఎవడు కూర్చున్నాడు, అన్నీ ఆయన ఫోన్లో కనబడాలి. "కూసుంటే గూడ లెక్కేనా సేటూ?" అని అందరి ముందూ తగువు పెట్టుకున్నది ఒక్క రాజేందరే.

ఆయుధపూజ నాడు హమాలీలు పూజ చేసుకుని మధ్యాహ్నానికల్లా ఇళ్లకు వెళ్లిపోయారు. కాసేపటికి గోదాము పై అంతస్తు తగలబడింది. బ్యాండ్లను కూడా పూజలో పెట్టామన్నారు అందరూ. నిజమే, అందరి బ్యాండ్లూ దేవుడి పటం ముందు కదలకుండా పడి ఉన్నాయి. రాజేందర్‌ది మాత్రం కదిలింది. సేటు మీద కోపంతో అతనే నిప్పు పెట్టాడని పోలీసులు లోపలేశారు.

రేపు నాంపల్లి కోర్టులో బెయిల్ విచారణ. ఈ కాగితం మీద సంతకం పడితే రాజేందర్ ఇప్పట్లో బయటికి రాడు.

"సాయంత్రం దాకా టైమిస్తున్నా," అన్నాడు ప్రసన్నకుమార్. ఇప్పుడు నవ్వడం లేదు. "సేటు ఒక్క మంచిమాట చెప్తే ఉస్మాన్‌గంజ్ మొత్తం మన బ్యాండ్లు కొంటుంది. సంతకం పెట్టు, లేదా ఇంటికి పో."

చంద్రిక చాయ్ తాగడానికి కిందికి దిగింది. పూర్తిగా దిగలేకపోయింది. చివరి మెట్టు మీద ఒకమ్మాయి దారికడ్డంగా కూర్చుంది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, కదిలేది లేదన్నట్టు.

"మీరేనా అక్కా, బ్యాండు మేడం?"

"ఔ. నువ్వెవరు?"

"వనిత. రాజేందర్ చెల్లెను. మీ మిషిని మా అన్నను జైల్ల ఏసిందంట గదా, దాని మొఖం జూసిపోదామని వచ్చిన. చూపిస్తరా? లేకుంటే అది గూడ మీటింగ్ల ఉన్నదా?"

చంద్రికకు కోపం రాలేదు. ఆమె పక్కన మెట్టు మీదే కూర్చుంది.

"నేనింకా సంతకం పెట్టలేదు వనితా. కానీ పెట్టకపోతే సరిపోదు. మీ అన్న బ్యాండు పూజలో పెట్టిన అంటున్నడు. అది కదిలింది. ఎట్లా కదిలిందో తెలియకుండా నేనేం మాట్లాడినా కోర్టు వినదు."

"మా అన్న అబద్ధం ఆడడు. ఆడెటోడైతే సేటుతోని తగువెందుకు వెట్టుకుంటడు, మంచిగ నవ్వుకుంట సలాం కొట్టేటోడు గదా!"

చంద్రిక ఫోన్లో ఒక ఫోటో తెరిచింది. పోలీసులు పంపిన ఫోటో. మంటలు ఆరాక గోదాము బయట గల్లీలో దొరికిన రాజేందర్ బ్యాండు. పారిపోతుంటే చేతి నుంచి జారి పడిందని పోలీసుల మాట.

పొద్దుటి నుంచీ ఆ ఫోటోలో ఏదో ఆమెను గిల్లుతోంది. ఇప్పుడు దొరికింది. బ్యాండు బకిల్ పెట్టే ఉంది. చేతి నుంచి జారేది ఊడి ఉండాలి కదా. పైగా దానికి సగం కాలిన దారం ముడేసి ఉంది.

"ఈ దారం ఏంది?"

వనిత వంగి చూసింది. "పసుపు దారం. గీ దారంతోనే కొక్కానికి కట్టిండు."

"దేనికి?"

"కొక్కానికక్కా. మా అన్న పని గిరక మీద. పై అంతస్తు నుంచి మూటలు దించేది, ఎక్కించేది ఆయననే. అందరి పనిముట్లు దేవుని పటం ముందట పెట్టిన్రు. తూకం తరాజు పెట్టిన్రు, బండి తాళం పెట్టిన్రు. గిరకను ఊడగొట్టి తేలేరు గదా! బయట దూలానికి ఏలాడుతది. అన్న గాడికే పోయి కొక్కానికి బొట్లు పెట్టిండు, బంతిపూల దండ ఏసిండు, బ్యాండు గూడ దానికే కట్టిండు. 'రెండూ నా పనిముట్లే, ఒక్క కొబ్బరికాయ సాలు' అన్నడు."

చంద్రిక ఫోటోను పెద్దది చేసి మళ్లీ చూసింది.

"ఈ మాట పోలీసులకెందుకు చెప్పలేదు?"

"పూజల పెట్టిన అని చెప్పిండు. పటం ముందట అని వాళ్లు రాసుకున్నరు. యాడ పూజ చేసినవ్ రా అని అడిగినోడెవడు?"

చంద్రిక చాయ్ సంగతి మరిచిపోయింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మధ్యాహ్నం నమోదైన గీతలను తెర మీదికి లాగింది. ఇంతవరకూ అందరూ చూసింది మిషన్ చెప్పిన మాటలను మాత్రమే. ఎక్కాడు. దిగాడు. ఎక్కాడు. ఆ మాటల వెనకున్న అసలు కదలికను ఎవరూ చూడలేదు. తను కూడా చూడలేదు. ఆ సంగతికి తర్వాత సిగ్గుపడవచ్చు. ఇప్పుడు టైం లేదు.

మిషన్‌కు తను నేర్పినవి కొన్ని పనులే. ఏ కదలిక ఇచ్చినా వాటిలోంచే ఒకటి ఏరి చెప్పాలి. తాడుకు వేలాడడం దానికి ఎవరూ నేర్పలేదు. కుదుపు కుదుపుగా పైకి పోతే దానికి తెలిసింది ఒక్కటే, మెట్లెక్కడం.

ఇంకొంచెం లోతుగా చూసింది. ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. మధ్యలో ఒక్క అడుగు నడక లేదు. మెట్లెక్కిన మనిషి పైకెళ్లాక నాలుగడుగులు వేయడా? గాల్లోనే వెనక్కి తిరుగుతాడా?

తర్వాత కనబడిన దాన్ని చూసి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

మనిషి మెట్లు మెల్లగా ఎక్కుతాడు, గబగబా దిగుతాడు. ఇక్కడ అంతా తిరగబడి ఉంది. ఎక్కేటప్పుడు చకచకా ఎక్కింది. దిగేటప్పుడు బరువుగా, ఆగి ఆగి దిగింది. ప్రతిసారీ అంతే. ఆ గీతను ఒక కాగితం మీదికి గీసుకుంది.

ఖాళీ కొక్కెం పైకి పోయింది. మూటతో కిందికి వచ్చింది.

అంటే గోదాము కాలకముందే ఎవరో సరుకు దించేశారు. సరుకు కాలిందని చెప్పి ఇన్సూరెన్సు డబ్బు తీసుకునేది సేటు ఒక్కడే.

"సార్!" చంద్రిక ప్రసన్నకుమార్ గది తలుపు తోసింది. ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పింది.

అతను మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక లేచి తలుపు మూశాడు.

"ఇది బయటికెళ్తే మన కస్టమరే దొంగవుతాడు."

"దొంగ ఎప్పుడో అయ్యాడు సార్. మనం చెప్పడమే ఆలస్యం."

"నీకు అర్థం కావట్లేదు. మన మిషన్ కొక్కేన్ని పట్టుకుని మనిషి అందని తెలిస్తే ఇంక మన బ్యాండ్లు ఎవడు కొంటాడు?"

"ఒక మనిషి జైల్లో ఉన్నాడు."

"ఆ మనిషి నీకు చుట్టమా?"

"కాదు. కానీ ఆ మిషన్ నా చేతుల్లో పెరిగింది. అది అన్న మాటకు నేనే జవాబు చెప్పాలి."

ప్రసన్నకుమార్ కంప్యూటర్ వైపు తిరిగి టకటకా ఏదో కొట్టాడు. "నీ లాగిన్ తీసేశాను. సంతకం నేనే పెడతా. గంటలో స్టేషన్‌కు పోతుంది. నీ కార్డు అక్కడ పెట్టి వెళ్లు."

చంద్రిక మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అది పెట్టిన చేతికి కంపెనీ బ్యాండు ఉంది. మొట్టమొదట తయారైన బ్యాండు, పుట్టినరోజు కానుకగా అతనే ఇచ్చింది.

"ఇది నాది," అంది. "దీన్ని వాడుకుంటాను."

ఆటోలో మొజంజాహీ మార్కెట్ దాటుతుండగా కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ అనసూయకు ఫోన్ చేసింది. ఐస్‌క్రీం దుకాణాల ముందు ట్రాఫిక్ ఆగిపోయింది. పక్కన వనిత డ్రైవర్ భుజం మీద కొడుతోంది. "అన్నా, జర సందులకెల్లి తియ్యే! నీకు పుణ్యముంటది!"

"మేడం, బ్యాండు కంపెనీ చంద్రికను. కోర్టుకు కాగితాలు పంపేముందు నాకు కొంచెం టైమివ్వండి. గోదాము దగ్గరికి రండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "రిపోర్టు ఇప్పుడే వచ్చింది. మీ ఓనర్ సంతకం ఉంది. మీరొచ్చి ఏం చెప్తారు?"

"నేనేం చెప్పను. రిపోర్టు రాసిన మిషన్ మీ ముందే మాట్లాడుతుంది. ఒక్క మాట మేడం, ఆ బ్యాండుకు దారం ఎందుకుందో మీకు డౌట్ రాలేదా?"



"వచ్చింది," అంది అనసూయ. "వస్తున్నా."

ఉస్మాన్‌గంజ్‌లో మధ్యాహ్నపు ఎండ ఇంకా తగ్గలేదు. గోదాము పై అంతస్తు కిటికీలు నల్లగా ఉన్నాయి. ముందుకు పొడుచుకొచ్చిన దూలానికి గిరక, తాడు, ఇనుప కొక్కెం. కొక్కేనికి చుట్టుకుని, ఒకవైపు మాడి, ఎండిపోయిన బంతిపూల దండ. తాడు కిందిచివర గోడకున్న మేకుకు కట్టి ఉంది.

ప్రహ్లాద్ సేటు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెల్ల లాల్చీ. రెండు అరచేతులకూ కట్లు. మంటలార్పబోయి కాల్చుకున్నానని వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు.

"రా బేటీ," అన్నాడు. "నౌకరీ పోయిందంట గదా? ప్రసన్నకుమార్ ఫోన్ చేసిండు. ఫికర్ చెయ్యకు, నా దగ్గర లెక్కలు రాద్దువు గాని."

"మీ లెక్క చూడ్డానికే వచ్చిన సేటూ."

జీపు వచ్చి ఆగింది. అనసూయ దిగింది. ఆమెను చూసి, వనితను చూసి, చుట్టుపక్కల గోదాముల హమాలీలు పని ఆపి గుంపుగా చేరారు.

"గిదేంది మేడం?" సేటు లేచాడు. "ఇన్సూరెన్సోళ్లు ఇంక జూడలే. ఏ సామాను ముట్టొద్దు."

"నేనున్నా కదా సేటు. కూర్చోండి," అంది అనసూయ.

చంద్రిక తన బ్యాండు విప్పింది. ఒక హమాలీ తాడు వదిలి కొక్కేన్ని కిందికి దించాడు. బ్యాండును కొక్కేనికి దారంతో కట్టి, ఎండిన దండను దాని మీదికి జరిపింది. బ్యాండు మాయమైంది. రెండడుగుల దూరం నుంచి చూసినా పూలే తప్ప ఏమీ కనబడదు.

ఫోన్ తీసి అనసూయ చేతిలో పెట్టింది. "బ్యాండు ఏం చేస్తుందో ఇది పైకి చదువుతుంది. గట్టిగా పెట్టండి." తర్వాత వెనక్కి తిరిగింది. "వనితా, లాగు."

వనిత చున్నీ నడుముకు బిగించి తాడు పట్టింది. చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ లాగింది. ఖాళీ కొక్కెం కుదుపు కుదుపుగా పైకి లేచింది.

ఫోన్ గొంతు సవరించుకున్నట్టు చిన్నగా మోగి, మర్యాదగా చెప్పింది: "మెట్లు ఎక్కుతున్నారు."



"కొక్కానికి కాళ్లొచ్చినయ్ రో!" ఎవరో అరిచారు. గల్లీ అంతా నవ్వింది.

అనసూయ నవ్వలేదు. "కిందికి?"

పైకెళ్లిన హమాలీలు ఇసుక మూట తగిలించారు. కింద వనితతో పాటు ఇద్దరు తాడును బిగబట్టి కొంచెం కొంచెంగా వదిలారు.

"మెట్లు దిగుతున్నారు," అంది ఫోన్.

చంద్రిక తను గీసుకొచ్చిన గీతను, ఫోన్లో ఇప్పుడు పడిన గీతను పక్కపక్కన పెట్టి చూపించింది. "ఆ రోజూ ఇదే మేడం. పైకి చకచకా, కిందికి బరువుగా. మంటలు లేచేదాకా. చివర్లో పైనుంచి నిప్పురవ్వ పడి, దారం కాలి బ్యాండు కింద పడింది."

"గాలికి ఊగి ఉంటది!" సేటు గొంతు పెరిగింది. "దసరాల గాలి ఉండదా?"

"గాలికి అటూ ఇటూ ఊగుతుంది సేటూ. అంతస్తు ఎక్కి దిగదు."

సేటు నుదురు తుడుచుకున్నాడు. గుంపు వైపు, గిరక వైపు చూశాడు. అప్పుడు ఆయనకో ఉపాయం తట్టింది. ముఖం వెలిగిపోయింది.

"అయితే గా రాజేందరే! వాడి గిరక, వాడి తాడు. మళ్లొచ్చి వాడే దించుకపోయిండు మూటలన్నీ!"



అనసూయ ఫోన్‌ను మెల్లగా చంద్రికకు తిరిగిచ్చింది. "ఏ మూటలు సేటు?"

"అదే... యాలకుల..."

"యాలకులన్నీ కాలి బూడిదయ్యాయని కంప్లైంట్ మీరే ఇచ్చారు కదా. ఇప్పుడు దించుకుపోయాడంటున్నారు. కాలాయా, దిగాయా?"

సేటు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"నేను జెప్తా మేడం," వనిత తాడు వదల్లేదు. "గన్ని యాలకులు కాల్తే ఉస్మాన్‌గంజ్ అంత పాయసం వాసన రావాలె. మాకు గోనె సంచుల కంపే వచ్చింది. నమ్మకపోతే గల్లీల ఎవల్నన్న అడుగున్రి!"

"ఔ, నిజమే!" "గోనె కంపే!" నాలుగు వైపుల నుంచీ గొంతులు లేచాయి.

గుంపులోంచి ఒక ముసలి హమాలీ ముందుకొచ్చాడు. పేరు సాయన్న. రాజేందర్ కంటే ముందు ఈ గిరక లాగింది ఆయనే. సేటు ఎదుట ఎప్పుడూ తలెత్తి మాట్లాడినవాడు కాదు.

"సేటూ, నీ గోదాము నువ్వు కాల్చుకుంటే నీ ఇష్టం," అన్నాడు. వేలెత్తి కొక్కేన్ని చూపించాడు.  "పూజల ఉన్న కొక్కేన్ని ముట్టినవా? ఉద్వాసన జెప్పకముందే? బొట్టు పెట్టి ఉన్నది గదా, కండ్లు కనబడలేదా?"

సేటు నమ్ముకున్నది సరిగ్గా అదే. ఆయుధపూజ నాడు ఉస్మాన్‌గంజ్‌లో మరునాటి దాకా ఎవరూ పనిముట్టు ముట్టరు. ఎవరూ రారు, ఎవరూ చూడరు. గిరక తిరిగిందని ఎవరికీ కలలో కూడా రాదు.

"కట్లు విప్పండి," అంది అనసూయ.

"కాలినయ్ మేడం, నొప్పి..."

"చూసి మళ్లీ కట్టిస్తా. విప్పండి."

కానిస్టేబుల్ విప్పాడు. బొబ్బల్లేవు. నిప్పు తగిలిన జాడ లేదు. రెండు అరచేతుల్లోనూ అడ్డంగా, ఎర్రగా, చర్మం లేచిపోయిన చారలు. అలవాటు లేని చేతుల్లోంచి తాడు జారితే పడే చారలు. అవేమిటో అక్కడున్న హమాలీలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పనిలో చేరిన మొదటి వారం అందరి చేతులకూ పడినవే.

"పనిచేసినవన్నట్టు సేటూ," అంది వనిత. "బ్యాండు కట్టుకోవాల్సింది నువ్వు. మంచి మార్కులొచ్చేటివి."

మర్నాడు నాంపల్లి కోర్టు వరండాలో నల్లకోట్ల మధ్య చంద్రిక, వనిత నిలబడ్డారు. అనసూయ రాత్రికి రాత్రే మలక్‌పేటలో ఒక షెడ్డు తెరిపించింది. యాలకులు అక్కడే, మూటలు మూటలుగా ఉన్నాయి. మోసిన బయటి కూలీలిద్దరు సేటు పేరే చెప్పారు. మేజిస్ట్రేటు పోలీసుల కొత్త కాగితాలు చదివి రాజేందర్‌ను వదిలేయమన్నాడు.

చంద్రిక ఫోన్ మోగింది. ప్రసన్నకుమార్.

"చంద్రికా! కంగ్రాట్స్! నేను ముందే అనుకున్నా. చూడు, పేపరోళ్లతో మాట్లాడా. మా బ్యాండే దొంగను పట్టించింది అని వేయిద్దాం. నీ కార్డు నా బల్ల మీదే ఉంది, రేపొచ్చెయ్."

"మీ సంతకం ఉన్న రిపోర్టు ఇంకా కోర్టులోనే ఉంది సార్."

"అది... చిన్న పొరపాటు..."

"అయితే అది తప్పని రాసి, కింద మళ్లీ సంతకం పెట్టి కోర్టుకివ్వండి. తర్వాత ఇంకోటి. తెలియని కదలిక వస్తే 'తెలియదు' అని చెప్పడం మిషన్‌కు నేర్పాలి. అది నేర్పేదాకా ఒక్క బ్యాండు కూడా ఎవరి చేతికీ కట్టడానికి వీల్లేదు."

"తెలియదు అనే మిషన్‌ను ఎవడు కొంటాడు?"

"కొనకపోతే కొనకపోనీ."

ఆమె ఫోన్ కట్ చేసింది.

రాజేందర్ మెట్లు దిగి వస్తున్నాడు. గడ్డం పెరిగింది. మణికట్టు దగ్గర బ్యాండు ఉన్నచోట చర్మం ఇంకా తెల్లగానే ఉంది. వనిత ఎదురెళ్లి ముందు భుజం మీద ఒక్కటిచ్చింది, తర్వాత ఏడ్చింది.

"ఎందుకు కొడ్తున్నవే?"

"కొక్కానికి కట్టిన అని సక్కగ జెప్తే ఏమైతుండెరా నీకు!"

"ఎవరడిగిన్రే!" అన్నాడు రాజేందర్. చంద్రిక వైపు తిరిగి చేతులు జోడించబోయాడు. ఆమె వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంటికి పోదాం పా అన్నా," అంది వనిత. "అమ్మ ఎదురుచూస్తున్నది."

"ముందుగాల ఉస్మాన్‌గంజ్ పోవాలె."

"మళ్లా గాడికెందుకు? సేటు లేడు, పని లేదు."

"సేటుతోని నాకేం పని? కొక్కానికి ఇంక ఉద్వాసన చెప్పలే. పూజ సగంల ఇడిసిపెట్టిన. సేటుకు సిగ్గులేకపోతే నాకన్న ఉండొద్దా?"

నాంపల్లి రోడ్డు మీద చంద్రిక కొబ్బరికాయ కొంది. బేరమాడబోయిన వనితను ఆపి, చెవి దగ్గర ఊపి చూసి మంచిది ఏరింది. ఆమె సంచిలో ఫోన్ మళ్లీ మోగింది. మోగనిచ్చింది. ఆటో ఆపి ముగ్గురూ ఎక్కారు.